గూడుబండి కాశీకి

చెరకు లారీ దిగగానే మా బండి కాటా ఎక్కింది. 2024 జనవరి నెలాఖరు. అనకాపల్లి దగ్గర జాతీయ రహదారి పక్కన, సీజను నడిచినన్నాళ్ళూ చెరకూ బెల్లమూ తూగే కాటా అది. గుమాస్తా కిటికీలోంచి తల బయటికి పెట్టి "సరుకేటండీ?" అని అడిగాడు.

"ఇల్లండీ" అంది మా ఆవిడ.

అతను రసీదు పుస్తకం పక్కన పెట్టి బయటికొచ్చాడు. తలుపు తీయించి మంచం, మంచం కింద అరలు, రెండు బర్నర్ల పొయ్యి, సింకు, మూలన ఉన్న చిన్న గది అన్నీ చూశాడు. అరచేత్తో లోకప్పు తట్టాడు. "మా తాత ఉన్నప్పుడు మాకు గూడుబండి ఉండేదండి. ఇదీ అదే కదేటి" అన్నాడు.

ఏడాదిగా ఈ బండిని ఏమని పిలవాలో తెలియక తిప్పలు పడుతున్నాను. సినిమావాళ్ళ పుణ్యాన కారవాన్ అనే మాట తెలుగులోకి వచ్చింది కాని, అది షూటింగు దగ్గర నిలబడి ఉండే ఏసీ బండికే అతుక్కుపోయింది. కేంపర్ వ్యాను అనేది ఆర్టీఓ ఆఫీసు కాగితాల మాట. గూడుబండి అనగానే మాత్రం నాకు చిన్నప్పటి కొత్త అమావాస్య కళ్ళముందు కదిలింది. నూకాలమ్మ జాతరకు పల్లెల నుంచి బండ్లు బారులు తీరి వచ్చేవి. వెదురు బద్దలు వంచి చాప కప్పిన గూడు, లోపల గడ్డి పరిచి దానిమీద బొంత, ఇరుసు కింద లాంతరు, వెనక నీళ్ళ కుండ, గిన్నెల బుట్ట. కందెన గొట్టం ఒక పక్కన వేలాడుతూ ఉండేది. ఆ గూటిలో మేకు తక్కువ, తాడు ఎక్కువ. దారిలో ఏది తెగినా అక్కడే దిగి మళ్ళీ కట్టుకునేవారు.

ఆ మేకూ తాడూ సంగతి చిన్నప్పుడు చూశానే గాని అర్థం చేసుకోలేదు. అర్థమయ్యేలా చేసింది మా మేస్త్రి.

బండి కొనడానికి కారణం మా ఆవిడ దాహం. ప్రయాణం అంటే ముందురోజు సాయంత్రం నుంచే ఆమె నీళ్ళు మానేసేది. బస్సు ఎక్కడ ఆపుతారో, ఆపినచోట మరుగుదొడ్డి ఉంటుందో లేదో, ఉన్నా దాని తలుపుకి గడియ ఉంటుందో లేదో. ముప్పై ఏళ్ళ కాపురంలో తిరుపతికైనా భద్రాచలానికైనా ఎండిన నాలుకతోనే వచ్చింది. షుగరు వచ్చి, ఇన్సులిన్ మొదలుపెట్టాక నీళ్ళు బాగా తాగాలని డాక్టరు చెప్పాడు. ఆమె నీళ్ళు తాగడం మొదలుపెట్టి ప్రయాణాలు మానేసింది. ఒకసారి వాళ్ళ అక్క కాశీ వెళ్ళొచ్చి గంగ చెంబు ఇస్తే దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏమీ అనలేదు. మరుగుదొడ్డి దారిలో దొరక్కపోతే మనతోపాటే తీసుకెళ్దాం అని ఆ రాత్రి నేనన్నాను. మూలన ఉన్న గది అదే. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. మిగతా ఇల్లంతా దాని చుట్టూ కట్టిందే.

బండి 2014 మోడల్ డీజిల్ టెంపో ట్రావెలర్. పెళ్ళి బృందాలనూ అరకు యాత్రికులనూ మోసి మోసి అలసిన పదమూడు సీట్ల బండి. విశాఖ ఉప్పుగాలిలో తొమ్మిదేళ్ళు తిరిగింది. పాత బండి కొనేవాళ్ళు ముందు ఇంజను చప్పుడు వింటారు. మేస్త్రి బానెట్టు జోలికే పోలేదు. లోపల మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరుతో నేలరేకు పొడుచుకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఆయన గాజువాక ఆటోనగర్‌లో ఏళ్ళ తరబడి బస్సు బాడీలు కట్టి, ఇప్పుడు అనకాపల్లిలో సొంత షెడ్డు పెట్టుకున్న మనిషి.

"ఇంజను పోతే మార్సుకుంటాం బాబూ. అడుగు తుప్పు తినీసిందనుకోండి, ఏటి సేస్తాం?"

మూడు చోట్ల స్క్రూడ్రైవరు దిగబడింది. అక్కడ రేకు కోసి కొత్త రేకు అతికి, రెడ్ ఆక్సైడు కొట్టి, పైన తారు పూత వేశాడు. తలుపుల అడుగున వాననీళ్ళు కారిపోయే చిన్న కన్నాలుంటాయి. పూత వాటిని మూసేస్తే నీళ్ళు లోపలే నిలిచి మళ్ళీ తుప్పు. అందుకని పూత ఆరేదాకా ఒక్కో కన్నంలో ఒక్కో అగ్గిపుల్ల గుచ్చి ఉంచాడు. పని తెలిసినవాళ్ళు ఎలా ఉంటారో నాకు ఆ అగ్గిపుల్లలు చెప్పాయి.

మా ఇద్దరికీ పేచీ వచ్చింది చెక్కపని దగ్గర. నేను బొమ్మలు చూసి, కొలతలు రాసుకుని వెళ్ళాను. గోడలకు ప్లైవుడ్ జిగురుతో అతికి, మేకు కనపడకుండా, మన ఇళ్ళల్లో వార్డ్‌రోబులు చేసినట్టు నున్నగా ఉండాలని నా కోరిక. ఆయన కాగితం చూసి మడిచి నా చేతికే ఇచ్చాడు.

"ఇది కదిలే కొంప. ఎక్కడో ఓ కాడ ఏదో ఊడుతాది. అక్కడ నానుండను. ఉన్నోడెవడో ఇప్పి సూడాల. జిగురెట్టి అతికీసినారనుకోండి, ఆడు పగలగొట్టాలి మరి."

ఆయన పెట్టిన షరతు ఒకటే. ప్రతి పలకా పది నంబరు స్పానరుతో ఊడి రావాలి. మంచం, సింకు కింద పెట్టె, బ్యాటరీ గూడు, నీళ్ళ ట్యాంకు పట్టీలు, అన్నిటికీ ఒకే సైజు బోల్టు, కింద స్ప్రింగ్ వాషరు, నట్టు వదులవకుండా నైలాన్ పట్టు. ఆ సైజు ఎంచుకోడానికి కారణం, ఇండియాలో ఏ మూల సైకిలు షాపుకి వెళ్ళినా పది నంబరు స్పానరు ఉంటుంది. ఇల్లంతా బోల్టు తలలు కనిపిస్తాయే అని నేను దిగులుపడితే మా ఆవిడ నవ్వేసి, ఏటికొప్పాక వెళ్ళి సొరుగులకు లక్క పిడులు చేయించుకొచ్చింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు మాకు గంటన్నర దూరం కూడా లేదు. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పసుపు, ఎరుపు పిడులున్న వరసలో బోల్టు తలలు నా కంటికి మరి అడ్డం రాలేదు.

ఎండ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చలిదేశాల వాళ్ళు కట్టుకునే పద్ధతి చూసి మన దగ్గర కట్టుకుంటే మే నెలలో ఆ బండి పెనం అవుతుంది. వాళ్ళు లోపలి వేడి బయటికి పోకుండా కడతారు. మనకు బయటి వేడి రేకు దాకా రాకుండా ఆపడం ముఖ్యం. కప్పుకి తెల్లరంగు కొట్టించాం. సోలార్ పలకలను రేకుకి అతికించకుండా నాలుగంగుళాల ఎత్తులో నిలబెట్టాడు మేస్త్రి. కింద గాలి ఆడుతుంది, కప్పుకి పందిరి వేసినట్టు నీడా ఉంటుంది. పలకలకు కూడా అదే మేలు, అవి వేడెక్కినకొద్దీ కరెంటు తగ్గిస్తాయి. రేకుకీ లోపలి పలకకీ మధ్య ఏసీ గొట్టాలకు చుట్టే నల్లటి రబ్బరు నురుగు షీటు పెట్టాం. గాజుదూది చవక. కాని తడి పీలిస్తే ఆరదు, మన తీరంలో తడికి కొదవ లేదు.

కరెంటు లెక్క ఇన్సులిన్‌తో మొదలైంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కాబట్టి ఫ్రిజ్ ఆగకూడదు. బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్, ముప్పై వాట్ల ఫ్యాన్లు రెండు, లైట్లు, నీళ్ళ మోటారు, ఫోన్లు కలిపితే రోజుకి సుమారు 1,300 వాట్ అవర్లు. కప్పు మీద 335 వాట్ల పలకలు రెండు పెట్టాం. మంచి ఎండలో రోజుకి రెండు వేల పైనే ఇస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 200 ఆంపియర్ అవర్లది. ఖర్చయింది. అదే కొలత సీసం బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, బరువేమో రెట్టింపు పైమాటే. తీగల దగ్గర మాత్రం ఎవరూ పొదుపు చేయకూడదు. ఇంట్లో 600 వాట్లకు మూడు ఆంపియర్లు కూడా పారవు. బండిలో 12 వోల్టుల మీద అదే 600 వాట్లకు 50 ఆంపియర్లు పారాలి. సన్నతీగ వేస్తే అది వేడెక్కి చుట్టూ ఉన్న చెక్కను అంటిస్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే పెద్ద ఫ్యూజు పెట్టించాను. ఈ ఒక్కచోట మేస్త్రితో నేనే గట్టిగా మాట్లాడాను.

గ్యాసు దగ్గర ఆయన గట్టిగా మాట్లాడాడు. వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద కూర్చుంటుంది, మంచం కింద చేరుతుంది. అందుకని అయిదు కిలోల సిలిండరుకి బయటి నుంచి మాత్రమే తెరుచుకునే పెట్టె కట్టి, దాని అడుగున రెండు కన్నాలు వదిలాడు. వెనక తలుపుకి లోపలి నుంచి తీసే గడి పెట్టాడు. మంచం మీద పడుకున్న మనిషి కాలితో తన్నినా అది తెరుచుకోవాలి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో స్లీపరు బస్సు కాలిపోయిన వార్త విన్న పూట ఆయన ఫోను చేశాడు. పలకరింపులేవీ లేవు. "ఎనక గడి ఓపాలి తీసి సూడండి, ఇప్పుడే" అన్నాడు. ఫోను పట్టుకునే వెళ్ళి చూశాను. తెరుచుకుంది. ఆయన ఊపిరి వదలడం వినిపించింది.

కాగితాల పని ఓపిక పరీక్ష. కాని దాన్ని దాటవేయమని ఎవరికీ చెప్పను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, సి-బుక్కులోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. ముందు అనుమతి, తరవాత పని, ఆ తరవాత బ్రేకు ఇన్‌స్పెక్టరు తనిఖీ, సి-బుక్కులో మార్పు. సొంతానికి వాడుకునే కేంపర్ వ్యాను కేంద్రం వర్గీకరణలో రవాణేతర వాహనాల పట్టికలో ఉంది కాబట్టి టాక్సీ పర్మిట్ వదులుకుని, పన్ను తేడా కట్టి, పసుపు బోర్డు తెల్లబోర్డు చేయించుకున్నాం. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం ఉంది. సీట్లు, బెల్టులు, గ్యాసు, బయటపడే దారులు ఎలా ఉండాలో చెబుతుంది. దాన్ని షెడ్డు గోడకు అంటించి పని చేయించాం. అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు. ఒక కుటుంబాన్ని పడుకోబెట్టుకుని వెళ్ళే బండి అది.

ఇక కాటా. నిండా నీళ్ళు, డీజిలు, బియ్యం, పరుపు, మేమిద్దరం. మొత్తం బరువు తయారీదారు చెప్పిన హద్దులోనే ఉంది. తరవాత ఎడమ చక్రాలొక్కటే ప్లాట్‌ఫాం మీద ఉంచి తూచమన్నాడు మేస్త్రి. ఎడమవైపు 110 కిలోలు ఎక్కువ. డెబ్బై లీటర్ల ట్యాంకు, బ్యాటరీ, పనిముట్ల పెట్టె అన్నీ ఒకే పక్కన పెట్టుకున్నాం మరి. ఘాట్ రోడ్డు మలుపులో ఆ బరువు ఎటు లాగుతుందో తలుచుకుంటేనే భయం వేసింది. "55 కిలోలు ఇటు పెడితే 110 పోతాది" అని ఆయన అక్కడే, కాటా పక్కన రోడ్డువారన, పది నంబరు స్పానరు తీశాడు. గంటలో బ్యాటరీ గూడూ పనిముట్ల పెట్టే కుడివైపుకి మారాయి. జిగురుతో అతికించి ఉంటే ఆ రోజు మేం ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం.

దానికి ముందు అక్టోబరులో ఒకసారి లంబసింగి వెళ్ళి మూడు రాత్రులుండి వచ్చాం. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే, అయినా దానితోనే తరవాత గట్టెక్కాం. చలికి కిటికీలన్నీ బిగించి పడుకున్నాం. పొద్దున లేచేసరికి కిటికీ చట్రాల మీద, తలుపు రేకు మీద నీటి చుక్కలు. మా ఆవిడ మంచం కింద డబ్బా తెరిచి, "బెల్లం చెమర్చింది" అంది. అనకాపల్లి వాళ్ళకు అది చిన్నమాట కాదు. గాలిలో తడిని బెల్లం పీల్చుకుంటుంది, అందుకే ఇక్కడ వానాకాలమంటే బెల్లం వర్తకులకు గుబులు. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరితో వదిలిన నీరు పోయే దారి లేక చల్లటి రేకుకి అంటుకుంది. ఆ రాత్రి నుంచి ఎంత చలైనా ఒక కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి, కప్పు ఫ్యాను మెల్లగా తిప్పి పడుకుంటున్నాం. దుప్పటి ఇంకొకటి కప్పుకుంటే సరిపోతుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో బయల్దేరాం. సబ్బవరం, పెందుర్తి, విజయనగరం, సాలూరు. రాయపూర్ నుంచి విశాఖకు వేస్తున్న 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త దారి సబ్బవరం దగ్గరే ముగుస్తుంది. అది పూర్తయితే తిన్నగా పోవచ్చు. మేం వెళ్ళింది పాతదారిలో, నిదానంగా.

మొదటి రాత్రి సాలూరు. లారీల ఊరు అది. బాడీ కట్టే షెడ్లు, కమాను పట్టీలు వంచే కొలుములు, టైర్ల దుకాణాలు. పెట్రోలు బంకులో డీజిలు కొట్టించుకుని, రాత్రికి ఆగుతామని అడిగితే లారీల వరస చివర చోటు చూపించారు. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, బండిలో బతకడం గురించి మన దేశంలో లారీ డ్రైవర్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు. క్యాబినులో పడక, పక్కన స్టవ్వు పెట్టె, బాడీకి బిగించిన నీళ్ళ ట్యాంకు, తలుపు లోపల అద్దం, దువ్వెన, అమ్మవారి పటం. దేనికి ఎక్కడ చోటో ఏళ్ళ అనుభవం తేల్చిన ఇళ్ళు అవి. ఒక పెద్దాయన కూర కలియబెడుతూ మా బండి చుట్టూ కళ్ళతోనే తిరిగి, "బాబూ, ఎక్కడాగినా ముందు నాలుగు చక్రాల హబ్బులూ ముట్టుకోండి. మూడు గోరెచ్చగా ఉండి ఒకటి కాలిందంటే అక్కడ బ్రేకు పట్టీసినట్టు, లేకపోతే బేరింగు పోతన్నట్టు" అన్నాడు. మర్నాటి నుంచి అది నా మొదటి పని అయింది. పొద్దున ఇంజను చల్లగా ఉండగా ఆయిలు, కూలెంటు, బెల్టు చూడటం, ఆగినప్పుడల్లా చక్రాలు ముట్టుకోవడం. వీల్ నట్ల మీద మేస్త్రి తెల్లరంగుతో గీసిన గీత విరిగిందేమో చూస్తే చాలు, నట్టు కదిలిందీ లేనిదీ తెలిసిపోతుంది.

సుంకి మీదుగా కొండెక్కి కొరాపుట్, జైపూర్ దాటేదాకా తెలుగు వినిపిస్తూనే ఉంది. జగదల్‌పూర్‌లో 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నాం. విజయవాడ వైపు నుంచి భద్రాచలం, బస్తర్, రాయపూర్, జబల్‌పూర్ మీదుగా ప్రయాగ దాటి పోయే దారి. కేశ్‌కాల్ ఘాట్ దగ్గర బస్తర్ పీఠభూమి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్ల మాట. రెండో గేరులో వదిలితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు అప్పుడప్పుడు తాకితే చాలు. న్యూట్రల్ చేసి, డీజిలు మిగులుతుందని ఇంజను ఆపేసి దిగేవాళ్ళున్నారు. ఇంజను ఆగితే బ్రేకుకి ఊతమిచ్చే వాక్యూమ్ పోతుంది, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. కింద చెట్టు నీడన ఆపి హబ్బులు ముట్టుకున్నాను. నాలుగూ ఒకే వేడి. మా ఆవిడ టీ పెట్టింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, లోపలి గదికి వెళ్ళి వచ్చి, కిటికీ పక్కన కూర్చుంది. రోజంతా తాగుతూనే ఉంది ఆమె. నేను లెక్కపెట్టుకున్నాను.

నాలుగో రోజు కవర్ధా దాటి చిల్పీ ఘాట్ ఎక్కి మధ్యప్రదేశ్‌లోకి వచ్చాం. సాల వృక్షాల అడవి, పొడిగాలి, పెదవులు పగిలే చలి. మండ్లా దగ్గర నర్మద ఒడ్డున పొద్దు వాలుతుండగా ఆగాం. ఆమె టీలోకి బెల్లం తీయబోయి డబ్బా నా ముందు పెట్టింది.

"ఇంత ఎండుగాలిలో ఇదెందుకు చెమర్చిందండీ?"

కిటికీ తెరిచే పడుకుంటున్నాం. రేకు మీద చుక్క లేదు. బట్టలు గంటలో ఆరిపోతున్నాయి. ఆ గాలిలో బెల్లం రాయిలా గట్టిపడాలి. అంటే తడి గాలిలోంచి రావడం లేదు, డబ్బా ఉన్నచోటే ఉంది. మంచం కిందికి చెయ్యి పెడితే నేల చెక్క చెమ్మగా తగిలింది. అదే మంచం కింద, మూరెడు దూరంలో, కరెంటు తీగలన్నీ కలిసే పెట్టె.

మెయిన్ స్విచ్చి ఆపేశాను. ఫ్రిజ్ ఆగింది. ఇన్సులిన్ సంగతి ఇద్దరం పైకి అనలేదు. ఊళ్ళోకి వెళ్తే ట్రాక్టర్లు బాగుచేసే చిన్న షెడ్డు తెరిచి ఉంది. ఇరవై రెండేళ్ళు కూడా ఉండని కుర్రాడు. నా హిందీ అంతంతమాత్రం. మంచం చూపించాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, బోల్టు తల చూసి, వెనక్కి చెయ్యి చాచి పది నంబరు స్పానరు అందుకున్నాడు. ఎనిమిది బోల్టులు. పలక ఊడి వచ్చింది. ట్యాంకు నుంచి సింకుకి పోయే గొట్టం ఒకచోట ఇనుప పట్టీ అంచు మీదుగా వంగింది. వెయ్యి కిలోమీటర్ల అదురుకి ఆ అంచు గొట్టాన్ని కోసి, సూది మొన అంత కన్నం చేసింది. బయటికి చుక్క కూడా కనపడకుండా చెక్క ఆ నీళ్ళన్నీ తాగింది. ఇంకో రెండు రోజులు గడిస్తే తీగల పెట్టెలోకి చేరేవి.

అతను ఆ ముక్క కోసేసి, కొత్త ముక్క క్లిప్పులతో బిగించాడు. పాత సైకిలు ట్యూబు జానెడు కత్తిరించి, పట్టీ అంచు మీద తొడుగులా వేసి, సన్నటి బైండింగ్ వైరు చుట్టాడు. ఒక బోల్టు కాలవలో పడిపోతే తన డబ్బాలో వెతికి సరిపోయేది ఒకటి వేశాడు. అరగంట పట్టింది. ఫ్రిజ్‌లో థర్మామీటరు చూశాం, 7 డిగ్రీలు. అతను అడిగిన డబ్బు తక్కువనిపించి ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. మా ఆవిడ బెల్లం చెమర్చని వైపు నుంచి పెద్ద ముక్క కొట్టి కాగితంలో చుట్టి ఇచ్చింది. అతను వాసన చూసి, నాలుక మీద వేసుకుని, ఇది ఎక్కడిదని అడిగాడు. ఆమె "అనకాపల్లి" అని రెండుసార్లు నెమ్మదిగా చెప్పింది.

ఆ రాత్రి షెడ్డు ముందే పడుకున్నాం. నాకు ఏనుగుల వీరాస్వామి గుర్తొచ్చాడు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, మేనాలో, బోయీలతో, గుడారాలతో, దాదాపు వంద మంది పరివారంతో కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన మనిషి. వెళ్ళేటప్పుడు జబల్‌పూర్ మీదుగా వెళ్ళాడు, తిరిగి వచ్చేటప్పుడు మా తీరం వెంబడే వచ్చాడు. ఎక్కడ మంచినీళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఏ సరుకు దొరుకుతుంది అని ఊరూరికీ రాసుకున్నాడు. ఆ పుస్తకం చదివినప్పుడు ఆ వివరాలు గబగబా దాటేసి గుళ్ళూ నదులూ వెతుక్కున్నాను. ఆయనకు మంచినీటి బావి ఎందుకంత ముఖ్యమో మండ్లాలో తెలిసింది.

జబల్‌పూర్, రీవా గబగబా దాటాం. ప్రయాగలో మాఘమేళా రద్దీ ఉంటుందని రీవా దాటాక దారి మార్చి మీర్జాపూర్ మీదుగా వెళ్ళాం. ఆ వైపు తెల్లవారుజామున పొగమంచు. తొమ్మిది దాటితే గాని బండి తీయలేదు. ముందు వెళ్ళే లారీ వెనక దీపమే తోవ అనుకుని నడపడం ఎంత ప్రమాదమో రోడ్డుపక్క నుజ్జయి ఉన్న బండ్లు చూస్తే తెలుస్తుంది. రాత్రి మజిలీలకు బంకుల్లోనే ఆగాం. అడిగి ఆగడం, కుర్చీలు బయట వేయకపోవడం, మరుగుదొడ్డి ట్యాంకు వాళ్ళ అనుమతితో వాళ్ళ మరుగుదొడ్డిలోనే ఖాళీ చేసి, నీళ్ళు పోసి కడిగి రావడం. ఈ చివరి పని నాది. దారిపక్క చెట్ల కింద ఒలకబోసి పోయేవాళ్ళను చూశాను. వాళ్ళ తరవాత అక్కడ ఆగే ఆడవాళ్ళకు ఆ చోటు కూడా లేకుండా పోతుంది.

ఆరో రోజు సాయంత్రం కాశీ. ఆ సందుల్లోకి మా బండి పోదు. ఊరి అంచున నిలిపి, ఈ-రిక్షాలో మానసరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమానికి వెళ్ళాం. మెట్ల దాకా తెలుగే వినిపించింది. అన్నదానానికని తెచ్చిన బెల్లం దిమ్మ వంటశాలలో ఇచ్చాం. మర్నాడు తెల్లారుతుండగా మా ఆవిడ గంగలో మూడు మునకలు వేసి, అక్కడే మెట్టుమీద కూర్చుని, తడిచీరతో, సీసాలోని మంచినీళ్ళు గటగటా తాగింది. ఎవరి కోసమూ ఆగలేదు, ఏ లెక్కా వేసుకోలేదు. వాళ్ళ అక్క ఇచ్చిన చెంబే తెచ్చుకుంది. అందులో నీళ్ళు ముంచి మూత బిగించింది.

పద్దెనిమిదో రోజు ఇల్లు చేరాం. రానూపోనూ 2,900 కిలోమీటర్లు. మర్నాడు బండి షెడ్డుకి తీసుకెళ్తే, మేస్త్రి కాశీ ఎలా ఉందని అడగకుండానే మంచం కింద దూరాడు. మండ్లా సంగతి చెప్పాను. టార్చి వెలుగులో ఆ సైకిలు ట్యూబు తొడుగుని వేలితో తడిమాడు. వైరు చుట్లు లాగి చూశాడు. పలకకున్న ఏడు బోల్టుల పక్కన రంగు వేరుగా ఉన్న ఎనిమిదోదాన్ని విప్పి వెలుగులోకి తెచ్చుకున్నాడు. తన డబ్బాలోంచి సరైన బోల్టు తీసి రెండిటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, మర ఎక్కించి దించి చూశాడు.

"బాగా ఏసినాడు" అన్నాడు. తన బోల్టు మళ్ళీ డబ్బాలో పడేసి, మండ్లా బోల్టుకి చుక్క నూనె వేసి, పది నంబరు స్పానరుతో అక్కడే బిగించాడు.